93 బటన్ ఎవరికి?

షాంటిలీలో రూట్ 50 మీద ఏ బంకులో ఆగినా పంపు మీద పసుపుపచ్చ చీటీలు వరసగా కనిపిస్తాయి: 87, 89, 93. మనవాళ్ళలో చాలామంది వేలు తిన్నగా మొదటిదాని మీదికే పోతుంది. కామ్రీ, అకార్డ్, సియెన్నా నడిపేవాళ్ళకు అదే సరైన బటన్. వాళ్ళు ఈ వ్యాసాన్ని సరదాకి చదవొచ్చు. చిన్నప్పటి నుంచీ ఉన్న కార్ల పిచ్చి తీర్చుకుందామని గ్రీన్ కార్డు వచ్చాకో, రాకుండానే తెగించో ఒక టర్బో కారు కొని, అదీ చాలక దాని ఇంజను కంప్యూటరులో ప్రోగ్రాము మార్పించినవాళ్ళ కోసం రాస్తున్నాను. అలాంటివాళ్ళు మనలో ఎంతమంది ఉంటారులే అనుకుంటే, ఓ ఆదివారం పొద్దున్నే గ్రేట్ ఫాల్స్‌లో జరిగే కార్స్ అండ్ కాఫీకి వెళ్ళి కాసేపు నిలబడండి. "బావా, ఎంత బూస్ట్ పెట్టించావ్?" అన్న ప్రశ్న ఎక్కడో ఒకచోట వినబడకపోదు.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. ఆక్టేన్ అంటే పెట్రోలులో ఉన్న శక్తి కాదు. 93లో 87 కంటే ఎక్కువ "దమ్ము" ఉంటుందన్న నమ్మకం మన హైదరాబాదు బంకుల నుంచీ ఉన్నదే, కానీ గ్యాలనుకు వచ్చే వేడి రెండిట్లోనూ దాదాపు ఒకటే. ఆక్టేన్ చెప్పేది ఓర్పు. ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా తనంతట తాను అంటుకోకుండా నిప్పురవ్వ కోసం ఆగగలిగే గుణం అది.

దీపావళి కాకరపువ్వొత్తిని గుర్తు తెచ్చుకోండి. కొస అంటిస్తే మంట ఒక వైపు నుంచి మరో వైపుకి క్రమంగా పాకుతుంది. సిలిండరులో జరగవలసింది కూడా అదే. స్పార్కు ప్లగ్గు దగ్గర మొదలైన మంట అంచులదాకా పాకి, పిస్టనుని మెత్తగా కిందికి నెట్టాలి. అయితే ఆ మంట పాకుతున్న కొద్దీ ఇంకా కాలని మూలల్లోని మిశ్రమం మీద ఒత్తిడి, వేడి పెరుగుతాయి. పెట్రోలుకి ఓర్పు లేకపోతే ఆ మిగిలినదంతా లక్ష్మీబాంబులా ఒక్కసారిగా పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. మన ఊళ్ళో మెకానిక్కులు "ఇంజను కొడుతోంది" అనేది దీని గురించే. చెవికి చిన్న గలగలే గానీ, లోపల పిస్టను మీద పడేది సుత్తి దెబ్బ.

ఈ ఓర్పుని కొలవడానికి 1926లో గ్రాహం ఎడ్గార్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక కొలబద్ద సూచించాడు. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్‌కి 0. మీ పెట్రోలు ఈ రెండిటి ఏ పాళ్ళ మిశ్రమంలా ప్రవర్తిస్తే అదే దాని నంబరు. కొలవడానికి ఒకే సిలిండరున్న ప్రత్యేకమైన ఇంజను వాడతారు, దాని కంప్రెషను నడుస్తుండగానే మార్చుకోవచ్చు. నిమిషానికి 600 చుట్లు తిప్పి కొలిస్తే వచ్చేది రీసెర్చ్ ఆక్టేన్ నంబరు, దాన్ని రాన్ అంటారు. 900 చుట్లు తిప్పుతూ, లోపలికి వెళ్ళే మిశ్రమాన్ని బాగా వేడిచేసి కొలిస్తే మోటార్ ఆక్టేన్ నంబరు, అంటే మాన్. రెండో పరీక్ష కఠినమైనది కాబట్టి మార్కులు తక్కువ వస్తాయి. ఇండియాలోనూ యూరప్‌లోనూ బంకు మీద రాసేది రాన్. అమెరికాలో రాసేది రెండిటి సగటు. పంపు మీది చీటీలో సన్నటి అక్షరాలతో "ఆర్ ప్లస్ ఎమ్ బై 2" అని ఉండేది అందుకే.

ఇది తెలియకపోతే వచ్చే చిక్కు చిన్నది కాదు. ఇండియాలో మామూలు పెట్రోలుకు చాలాకాలం కనీస ప్రమాణం 91 రాన్. ఇక్కడి లెక్కలో అది సుమారు 87, అంటే మన మొదటి బటనే. ఇక్కడి 93 అంటే దాదాపు 97, 98 రాన్. కాబట్టి జర్మనీ కారు పుస్తకంలో 98 అని చూసి "అమెరికాలో అది దొరకదే" అని కంగారుపడనక్కర్లేదు. హైదరాబాదులో ఉన్న మీ తమ్ముడు "మా దగ్గర ఇండియన్ ఆయిల్ వాళ్ళు 100 కూడా అమ్ముతున్నారు, మీ అమెరికాలో 93 దగ్గరే ఆగిపోయారా" అని ఎద్దేవా చేస్తే, ఆ 100 రాన్ అని, ఇక్కడి లెక్కలో అయిదారు అంకెలు తగ్గించుకోవాలని చెప్పండి.

షాంటిలీలో ఉంటూ ఈ విషయం రాస్తున్నప్పుడు ఉద్వర్-హాజీ మ్యూజియం ఊసెత్తకపోతే అన్యాయం. 2003 డిసెంబరులో తెరిచిన ఈ స్మిత్‌సోనియన్ కేంద్రానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను మనమందరం కనీసం ఒకసారి తీసుకెళ్ళే ఉంటాం. డిస్కవరీ షటిల్ దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు అక్కడి హాకర్ హరికేన్ ముందు కూడా ఒక నిమిషం ఆగండి. 1940లో బ్రిటిషు వాయుసేన తన హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలను 87 ఆక్టేన్ నుంచి 100 ఆక్టేన్ ఇంధనానికి మార్చింది. ఇంజను అదే మెర్లిన్. ఇంధనం మారగానే సూపర్‌చార్జరు బూస్ట్‌ని అత్యవసర సమయంలో 6 పౌండ్ల నుంచి 12 పౌండ్లకు పెంచుకోగలిగారు. ఇవాళ మన కుర్రాళ్ళు "స్టేజ్ 1" అని ముద్దుగా పిలుచుకునేది అచ్చంగా ఇదే: ఇంజను ముట్టుకోకుండా మంచి ఇంధనం పోసి గాలి ఒత్తిడి పెంచడం. 1930లలో అమెరికాలో ఈ 100 ఆక్టేన్ కోసం షెల్ కంపెనీలో ఉంటూ పట్టుబట్టినవాడు జిమ్మీ డూలిటిల్, తర్వాత టోక్యో మీద దాడి చేసిన ఆ డూలిటిలే. ఆ రోజుల్లో ఓర్పు పెంచడానికి సీసం కలిపేవారు. 1921లో థామస్ మిడ్గ్లీ కనిపెట్టిన ఆ కిటుకు ఎన్ని తరాల పిల్లల రక్తంలోకి చేరిందో అది వేరే కథ. కార్ల పెట్రోలులో సీసాన్ని అమెరికా 1996లో, ఇండియా 2000లో పూర్తిగా ఆపేశాయి. అన్నట్టు, చిన్న విమానాల పెట్రోలులో సీసం ఇంకా పూర్తిగా పోలేదు. "మనాసస్ విమానాశ్రయంలో 100 దొరుకుతుందటగా" అని డబ్బా పట్టుకుని బయల్దేరకండి. సీసం మీ కారు క్యాటలిటిక్ కన్వర్టరునీ, ఆక్సిజన్ సెన్సర్లనీ చంపేస్తుంది.

ఇక మనకు బాగా అలవాటైన చోటికి, అంటే సాఫ్ట్‌వేరుకి వద్దాం.

ఇంజను కంప్యూటరు లోపల తొంగిచూస్తే పెద్ద పెద్ద పట్టికలు కనిపిస్తాయి. అడ్డంగా ఇంజను వేగం, నిలువుగా లోడు, గడిలో ఒక అంకె. స్పార్కు ఎన్ని డిగ్రీలు ముందు ఇవ్వాలో ఒక పట్టిక చెబుతుంది, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలో మరొకటి, పెట్రోలు ఎంత చిమ్మాలో ఇంకొకటి. గడికీ గడికీ మధ్య ఇంటర్‌పొలేషన్. ట్యూనింగ్ అంటే ఈ పట్టికల్లో అంకెలు మార్చి మళ్ళీ ఎక్కించడమే. సుబారు కార్లకు రోమ్‌రైడర్ అనే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామే ఉంది, జావాలో రాసింది. దాన్ని తెరిచి చూస్తే మన డేటాబేస్ వాళ్ళకి పుట్టింటికి వెళ్ళినట్టుంటుంది.

ట్యూనరు ఈ అంకెలు రాసేటప్పుడు ట్యాంకులో ఏ పెట్రోలు ఉంటుందో ముందే అనుకుని రాస్తాడు. అది ఆ ప్రోగ్రాముకు ఇన్‌పుట్ షరతు. 93 మ్యాపు అంటే "ఇన్‌పుట్ 93 అయితేనే నా జవాబుదారీ" అని అర్థం. కంపెనీ నుంచి వచ్చిన ప్రోగ్రాము ఎవడు ఏం పోస్తాడో తెలియని ప్రపంచం కోసం రాసింది కనుక దానిలో బోలెడంత వెసులుబాటు ఉంటుంది. ట్యూన్ చేసినవాడు మీకు అమ్మేది ఆ వెసులుబాటునే. అదనంగా వచ్చిన హార్స్‌పవర్ ఆకాశం నుంచి ఊడిపడదు.

"నాక్ సెన్సరు ఉంది కదా, అదే చూసుకుంటుంది" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజమే, ఇంజను దిమ్మకు బిగించిన ఆ చిన్న పరికరం నాక్ శబ్దాన్ని పసిగట్టి కంప్యూటరుకి చెబుతుంది, కంప్యూటరు స్పార్కుని కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతుంది. కాని అది పసిగట్టేది జరిగిన నాక్‌ని. మనం రాసే ఎక్సెప్షన్ హ్యాండ్లరు లాంటిది. అప్పుడప్పుడూ వచ్చే తప్పుని పట్టుకోవడానికి పెట్టిన దాన్ని, ప్రతి అభ్యర్థనకీ అందులోంచే వెళ్ళేలా నడిపితే ఆ సర్వరు ఎన్నాళ్ళు నిలబడుతుంది?

మా పక్క అపార్ట్‌మెంట్లో ఉండే ఒక కుర్రాడి కారు ఏడు వారాలు నిలబడింది. ఓపీటీ మీద కొత్తగా ఉద్యోగంలో చేరాడు, భీమవరం దగ్గర పల్లె. కొన్నది పాత టర్బో సెడాన్, కారు పేరు మనకెందుకు, తప్పు దానిది కాదు. అమ్మినవాడు ట్యూన్ చేసిన సంగతి చెప్పలేదు. మనవాడు ఇంట్లో మిగతా ముగ్గురిలాగే 87 కొట్టిస్తూ వచ్చాడు. ఒక శనివారం రాజధాని మందిరం పార్కింగులో నన్ను పట్టుకుని, "అన్నా, పికప్ పోయింది. 66 మీదికి ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు సౌండొస్తోంది, ఒకసారి చూస్తారా" అన్నాడు.

డాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్టుకి నా దగ్గరున్న రీడరు తగిలించి లాగ్ తీశాం. మూడో గేరులో, 3,500 చుట్ల దగ్గర, సగం పైన యాక్సిలరేటరు తొక్కితే చాలు, కంప్యూటరు స్పార్కుని ఏడెనిమిది డిగ్రీలు వెనక్కి లాగుతోంది. ఒకసారి కాదు, తొక్కిన ప్రతిసారీ. అప్పుడు ఇంకో పని చేశాం. ఓబీడీలో తొమ్మిదో మోడ్ అని ఒకటి ఉంది. అది కంప్యూటరులో ఉన్న ప్రోగ్రాము గుర్తింపు సంఖ్యనీ, దాని చెక్‌సమ్‌నీ చెబుతుంది. అదే ఏడాది, అదే మోడలు కారు ఇంకొకటి దొరికితే దాని చెక్‌సమ్‌తో పోల్చాం. కలవలేదు. ఎవరో ప్రోగ్రాము మార్చారు. పాత కారు కొనేముందు ఈ రెండు నిమిషాల పరీక్ష చేయించుకోవడం, కార్‌ఫ్యాక్స్ కాగితం చూడటం కంటే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. గుర్తింపు సంఖ్య ఒక్కటీ చూస్తే చాలదు. కొన్ని ట్యూన్లు దాన్ని అలాగే ఉంచేస్తాయి.

గ్యారేజీలో కంప్రెషను పరీక్ష చేస్తే మూడు సిలిండర్లు 150 దగ్గర, నాలుగోది 90 దగ్గర. పిస్టను మీద రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు విరిగింది. మన ఊళ్ళో అయితే బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టను వేసి పంపేవాళ్ళు. ఇక్కడి కూలి రేట్లకి ఇంజను కింది భాగం మొత్తం మార్చడమే చవకని తేల్చారు. ఆ బిల్లు అతని నాలుగు నెలల అద్దె. ఇంటికి పంపే డబ్బు రెండు నెలలు ఆగింది. వాళ్ళ నాన్నగారికి కారు సంగతి చెప్పలేదు, "కంపెనీ జీతం లేటు చేసింది" అన్నాడట.

సరే, 93 కొట్టించాలని తేలింది. ఏ బంకులో? ఇక్కడ బ్రాండు భక్తి మన సినిమా హీరోల అభిమానానికి తీసిపోదు. ఒకరు షెల్ తప్ప ముట్టరు, ఇంకొకరికి ఎక్సాన్ పడదు. నిజానికి ఉత్తర వర్జీనియాకి పెట్రోలు వచ్చేది ముఖ్యంగా గల్ఫ్ తీరపు రిఫైనరీల నుంచి, రెండు పైపులైన్లలో. ఒకటి ప్లాంటేషన్, రెండోది కలోనియల్. హ్యూస్టన్ నుంచి న్యూజెర్సీ దాకా 5,500 మైళ్ళ కలోనియల్ వ్యవస్థలో పెట్రోలు మనిషి నడక వేగంతో, గంటకి మూడు నుంచి అయిదు మైళ్ళు కదులుతుంది. ఒక కంపెనీ పెట్రోలూ ఇంకో కంపెనీ పెట్రోలూ ఒకే నాణ్యతా ప్రమాణానికి సరిపోతే కలిసే ప్రయాణం చేస్తాయి. ఎవరు పోసింది ఎవరికి వస్తుందో పట్టింపు లేదు, లెక్క సరిపోతే చాలు. బ్యాంకులో వేసిన నోటే తిరిగి రావాలని మనం అడగం కదా. టెర్మినల్‌లో ట్యాంకరు నింపేటప్పుడే ఇథనాల్ పది శాతం, ఆయా కంపెనీ డిటర్జెంటు కలుస్తాయి. బ్రాండు తేడా అంటే ప్రధానంగా ఆ చివరి చెంచాడు డిటర్జెంటే.

ఆ చెంచాడు విలువలేనిదేమీ కాదు. 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టయోటా కలిసి టాప్ టియర్ అనే ప్రమాణం పెట్టాయి, ప్రభుత్వ కనీసం కంటే ఎక్కువ డిటర్జెంటు ఉండాలని. 2016లో ట్రిపుల్ ఏ చేసిన పరీక్షలో, ఈ ప్రమాణం పాటించని పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీద సగటున 19 రెట్లు ఎక్కువ మసి పేర్చింది. ఈ ప్రమాణం 87కీ వర్తిస్తుంది, కాబట్టి శుభ్రత కోసం 93 కొనక్కర్లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. పెట్రోలుని నేరుగా సిలిండరులోకే చిమ్మే డైరెక్ట్ ఇంజక్షను కార్లలో ఆ వాల్వులని పెట్రోలు తాకనే తాకదు, ఏ డిటర్జెంటయినా వాటిని కడగలేదు. షాంటిలీ కాస్ట్‌కో పెట్రోలు కూడా టాప్ టియరే. 93కీ 87కీ తేడా అక్కడ తక్కువ, క్యూ మాత్రం తిరుమల సర్వదర్శనం. ఆ బంకులో 93 వేగంగా అమ్ముడుపోతుంది కాబట్టి ట్యాంకులో నిలవుండదన్నది నేను అక్కడికే వెళ్ళడానికి రెండో కారణం.

ఖరీదు లెక్క వేద్దాం. నాది ట్యూన్ చేయించిన గోల్ఫ్ జీటీఐ, 93 మ్యాపు. ఏడాదికి 10,000 మైళ్ళు, గ్యాలనుకి 27 చొప్పున 370 గ్యాలన్లు. గ్యాలనుకి 90 సెంట్లు తేడా అనుకుంటే ఏడాదికి 333 డాలర్లు. పైన చెప్పిన ఇంజను బిల్లు పక్కన ఇది కాఫీ ఖర్చు. ట్యూన్ చేయని కారు అయితే లెక్క తిరగబడుతుంది. పుస్తకంలో ప్రీమియం "తప్పనిసరి" అని ఉంటే పోయాల్సిందే. "సిఫారసు" అని మాత్రమే ఉంటే, 2017లో ట్రిపుల్ ఏ అలాంటి కార్లనే పరీక్షించి, ప్రీమియంతో మైలేజీ సగటున 2.7 శాతం, హార్స్‌పవర్ 1.4 శాతం మాత్రమే పెరిగాయని చెప్పింది. 87 చాలన్న కారులో 93 పోయడం ఇంజనుకి చేసే సేవ కాదు, బంకువాడికి చేసే దానం. 1996లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయంలో ఎక్సాన్ ప్రకటనల మీద ఫిర్యాదు చేసింది. మరుసటి ఏడాది రాజీలో భాగంగా, చాలా కార్లకు మామూలు పెట్రోలే సరిపోతుందని ఆ కంపెనీ చేతే ప్రకటనలు వేయించింది.

మన కన్సల్టెంట్లకు ప్రత్యేకంగా వచ్చే సమస్య ప్రాజెక్టు మారడం. షాంటిలీలో 93 మ్యాపుతో హాయిగా తిరిగిన కారుని ట్రక్కు ఎక్కించి శాన్‌హోజేకి పంపిస్తారు. కాలిఫోర్నియా బంకుల్లో ప్రీమియం అంటే 91. రెండు అంకెలే కదా అనకండి. వేసవిలో, ఏసీ వేసుకుని, ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ రెండు అంకెలే వెసులుబాటంతా. కారు వెళ్ళకముందే 91 మ్యాపు ఎక్కించండి, చాలామంది ట్యూనర్లు రెండూ ఇస్తారు. డెన్వరు వైపు వెళ్తే ఇంకో వింత, అక్కడ మొదటి బటన్ 85. ఎత్తులో గాలి పలచన కాబట్టి తక్కువ ఆక్టేన్ చాలన్నది కార్బురేటరు కాలపు లెక్క. టర్బో ఆ పలచటి గాలిని మళ్ళీ కుక్కి పంపుతుంది కాబట్టి మన కార్లకి ఆ లెక్క వర్తించదు.

దారిలో 93 దొరకకపోతే? 2021 మే 7న కలోనియల్ వాళ్ళ కంప్యూటర్లను రాన్సమ్‌వేరు ముఠా తాళం వేసినప్పుడు ఇది ఊహాప్రశ్న కాకుండా పోయింది. పైపులైను అయిదు రోజులపైగా ఆగింది, వర్జీనియా గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ముఠా లోపలికి వచ్చింది వాడకంలో లేని ఒక వీపీఎన్ ఖాతా పాస్‌వర్డుతో, రెండో అంచె తనిఖీ లేదు. మన వృత్తివాళ్ళం ఆ వార్త చదివి నిట్టూర్చాం. అలాంటప్పుడు దొరికింది పోయండి, కాని ముందు తక్కువ ఆక్టేన్ మ్యాపు ఎక్కించండి. అది కుదరకపోతే టర్బో తిరగకుండా మెల్లగా నడపండి. పాళ్ళ లెక్క తేలికే: 13 గ్యాలన్ల ట్యాంకులో 3 గ్యాలన్ల 87 మిగిలుండగా 10 గ్యాలన్ల 93 పోస్తే సుమారు 91.6 అవుతుంది. ఒకే గొట్టం ఉన్న పంపులో, ముందువాడు కొట్టించిన 87 పావు గ్యాలను పైచిలుకు మీ ట్యాంకులోకే వస్తుంది. కారుకి పరవాలేదు, మోటారు సైకిలుకైతే పట్టించుకోవాల్సిందే.

ఆక్టేన్ బూస్టరు సీసాల జోలికి నేను పోను. "3 పాయింట్లు పెంచుతుంది" అని రాసి ఉంటే 93 కాస్తా 96 అవుతుందనుకుంటాం. ఆ పరిశ్రమలో పాయింటంటే అంకెలో పదో వంతు, అంటే అది 93.3. దానికంటే ఈ85 నయం. ఇథనాల్‌కి ఓర్పు ఎక్కువ, ఆవిరవుతూ సిలిండరుని చల్లబరుస్తుంది కూడా. కానీ అందులో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి ఎక్కువ చిమ్మాలి, దానికి ఇంజెక్టర్లు, పంపు తట్టుకోవాలి, మ్యాపు వేరే ఉండాలి. సమ్మిట్ పాయింట్ ట్రాకుకి వెళ్ళే రోజున ఇరవై నిమిషాలు ఎడతెగకుండా తొక్కుతాం కాబట్టి, నేను 93 పోసి కూడా 91 మ్యాపు మీదే నడుపుతాను. స్నేహితులు నవ్వుతారు, నవ్వనివ్వండి.

వారంటీ సంగతి: 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం మార్పు చేశారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ ఎగ్గొట్టలేదు, ఆ మార్పువల్లే పాడైందని చూపించాలి. అయితే పిస్టను విరిగినప్పుడు ట్యూన్‌కీ దానికీ సంబంధం చూపించడం వాళ్ళకి కష్టం కాదు. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ డీలర్లు ప్రోగ్రాము మారినట్టు కనిపెడితే టీడీ1 అనే గుర్తు కారు రికార్డులో వేస్తారు. క్యాటలిటిక్ కన్వర్టరు తీసేయడం లాంటివి క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం, వాటి జోలికి వెళ్ళకండి. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలవాళ్ళకి రెండేళ్ళకోసారి పొగ పరీక్ష తప్పదు. మ్యాపు మార్చిన మర్నాడే దానికి వెళ్తే, కంప్యూటరు స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని వెనక్కి పంపిస్తారు. కాస్త ఊళ్ళో, కాస్త 28 మీద, ఓ వారం నడిపి వెళ్ళండి.